బ్రిడ్జి దాటించినవాడు

ముందు అద్దం మరోసారి తుడిచి, భార్గవి వెనక సీట్లో కూర్చోగానే వీరేశం బండి కదిలించాడు. గచ్చిబౌలి ఆఫీసు నుంచి నిజాంపేట దాకా రోజూ ఆమెను దింపేది అతనే. బండి ఓనరుది, తోలడం ఇతనిది. రేపటి నుంచి కంపెనీ బస్సులు పెడుతోంది. ఇదే ఆఖరి ట్రిప్పు, రేపటి నుంచి ఇతనికి ఈ బండి లేదు.

"ఈ పొద్దన్నా ముగింపు చెప్తావా అన్నా?" అంది భార్గవి.

నెలల తరబడి ఇదే వరస. పార్కింగులో ఖాళీ దొరికితే వీరేశం ఫోనులో తెలుగు మాటలు పెట్టిన సిరీస్ చూస్తాడు. వేరే గ్రహంవాళ్ళు భూమి మీద పడతారు. అబ్బ, ఏం తీశారయ్యా! తలుపు సగం తెరుచుకోగానే భాగం ఆపేస్తారు, ఇక తిన్న అన్నం అరగదు. ఆ కిటుకు వీరేశానికీ పట్టుబడింది, దారిలో భార్గవికి ఆ కథ చెప్తూ తనూ అలాగే ఆపేస్తాడు. అతని నోట్లో ఆ గ్రహంవాళ్ళ ఓడ దుర్గం చెరువు మీద దిగింది. దిగినవాళ్ళకు కిరాయిదార్లని పేరు.

"రెండు దినాలుంటమని వచ్చిండ్రు మేడం. ఇప్పుడు ఇల్లే మాదంటున్నరు."

భార్గవి పగలబడి నవ్వేది. ట్రాఫిక్ ఆగితే ఊరంతా తిట్టుకునేది, ఆమె సంబరపడేది.

ఆ పాడు ట్రాఫిక్ ఇవాళే లేదు. వీరేశానికి బెంగ పట్టుకుంది. కథలో జనాన్ని బస్సెక్కించి బ్రిడ్జి దాటించిన డ్రైవరు ఇంకా ఇల్లు చేరలేదు. నిజాంపేట వచ్చేలోగా చేర్చాలి. కొండాపూర్ దాటాక బండి నెమ్మది చేశాడు.

"పోయిన వారం ఆ సిరీస్ నేనూ చూసినానన్నా," అంది భార్గవి మెల్లగా. "ఆ డ్రైవరు మొదటి భాగంలోనే చచ్చిపోతాడు కదా."

వీరేశం చెవులు వేడెక్కాయి.

"మిగతాదంతా మస్తు తీసిండ్రు మేడం, పేరు పెట్టనీకి లేదు. గానీ బ్రిడ్జి దాటినంక ఆయన్ని ఒక్కలన్న తలుచుకోలే. నాకు పానం ఒప్పలే."

"నాకూ ఒప్పలేదన్నా. నువ్వు చెప్పు. ఇంటికి పోయినాడా?"

"పోయిండు. అందర్నీ దింపి, బస్సు పక్కకు పెట్టి, తాళంచెవి దానికే ఉంచిండు. ఎనక ఎవరికన్న అక్కరొస్తదని. ఇగ నడుచుకుంట పోయిండు."

నిజాంపేటలో తన హాస్టలు ముందు దిగి భార్గవి చాలాసేపు చెయ్యి ఊపింది.

వీరేశం ఓనరు ఇంటి ముందు బండి పెట్టాడు. సీట్లు దులిపాడు, ఫోను జేబులో వేసుకున్నాడు. లోపలికి కేకేసి చెప్పి, వెనక్కి చూడకుండా నడిచి వెళ్ళిపోయాడు.

తాళంచెవి బండికే ఉంది, ఇంకా కొద్దిగా ఊగుతూ.