కృపాకర్ ఇచ్చిన క్యాసెట్

కృపాకర్ చనిపోయాడని తెలిసిన ఉదయం నుంచి నేను నోరు తెరిస్తే మాటలు రావడం లేదు. క్యాసెట్ శబ్దం వస్తోంది. మొదట సన్నని కూత, తర్వాత గరగర.

పాలవాడికి అది అర్థమవుతోంది. రెండు ప్యాకెట్లు ఇచ్చి వెళ్తున్నాడు. నాకే అర్థం కావడం లేదు. అది కృపాకర్ కంప్యూటర్ భాష.

ఎనభై ఏడులో మా కాలేజీ మొత్తానికి సొంత కంప్యూటర్లు ఉన్నది ఇద్దరికే. అతనిది స్పెక్ట్రమ్, నాది కమొడోర్. అప్పట్లో ప్రోగ్రాములూ బొమ్మలూ టేపు క్యాసెట్లలో శబ్దంగా ఉండేవి; ఒకదాని క్యాసెట్ ఇంకోదానిలో ఎక్కదు. అందరి ముందూ నేను అతనిదాన్ని రబ్బరు మీటల ఆటబొమ్మ అన్నాను. మర్నాడు అతను ఒక క్యాసెట్ నా చేతిలో పెట్టి, అందులో నాకోసం ఒక బొమ్మ గీశానని, తన ఇంటికొచ్చి చూడమని అన్నాడు. నేను వెళ్లలేదు. వెళ్తే ఓడిపోయినట్టు ఉంటుందనుకున్నాను. ముప్పై ఏడేళ్లు అలాగే అనుకున్నాను.

ఈరోజు వెళ్తున్నాను. విశాఖలో వాళ్ల వీధి నన్ను చూసి పొడవు పెరుగుతోంది. మధ్యాహ్నానికి తలుపు దొరుకుతుంది.

అతని అక్క వినయకుమారి తలుపు తీస్తుంది. నన్ను క్షమించమని అడుగుతాను. గరగరమంటుంది. ఆవిడ కాసేపు విని తలూపుతుంది.

"ఇది మావాడి క్యాసెట్టేనమ్మా. రా, కూచో. నెమ్మదిగా మాటాడు, లేపోతే ఎక్కదు."

స్పెక్ట్రమ్ ఇంకా టీవీకి తగిలించే ఉంది. ఆవిడ దాని క్యాసెట్ వైరు కొస నా నాలుక మీద పెడుతుంది. అతనితో అనకుండా ఉండిపోయినదంతా చెబుతాను. తెర మీద పైనుంచి ఒక్కో గీతా దిగుతుంది. రెండు తలలు, పక్కపక్కన. అతని కళ్లు నావైపు ఉన్నాయి. నా కళ్లు ఇంకెటో ఉన్నాయి.

టీవీ తెర అక్కడితో అయిపోతుంది. గీతలు ఆగవు. గోడ దిగి, గడప దాటి, రోడ్డెక్కుతాయి. నేను మాట్లాడుతూ వెంట నడుస్తాను. వినయక్క వైరు పట్టుకుని వస్తోంది. మా మెడలు వీధంత వెడల్పున్నాయి. ఆటోలు పక్కకి తొలగుతున్నాయి.

బీచ్‌లో అతని భుజం ఇసుక మీద ఆగిపోతుంది.

"వాడి వంతు ఇంతేనమ్మా," అంటుంది వినయక్క. "నువ్వు ఆపకు."

నేను ఆపను. నీళ్ల మీద గీతల్లో నా చెయ్యి ఒక్కటే సాగుతోంది. హార్బర్‌లోంచి వచ్చిన ఓడ ఒకటి, తెరిచి ఉన్న నా వేళ్ల మధ్యనుంచి, దేన్నీ తాకకుండా వెళ్లిపోతోంది.