ఊపిరులు కత్తిరించిన పాట

తులసి పోయిన పదకొండో రోజున మా అత్త కాసమ్మ నా స్పీకర్ల మీద తన పాత చీర కప్పింది.

"ఏడాది దాకా దాని గొంతు ఈ ఇంట్లో ఇనపడకూడదురా జగ్గా," అంది. "తన గొంతు తానింటే ఎనక్కి తిరిగి సూస్తాది. ఎనక్కి సూసిందా, దారి తప్పుతాది."

అది వాళ్ల ఇంటి పట్టింపు. కాసమ్మ నాకు సొంత మేనత్త, తులసిని చేసుకున్నాక అత్తగారు కూడా. మామ సముద్రంలో పోయాడు, కూతురు మంచం మీద పోయింది. ఆమెకు మిగిలింది నేనూ, ఆ పట్టింపూ.

"ఏడాది దినం నాడు చీర తీస్తాను," అంది మళ్లీ. "ఆ రోజుకి నా గుంట తులసి గొంతు నాకియ్యి. మరేటీ అడగను."

ఇస్తానన్నాను.

బరంపురంలో పాటలు రికార్డు చేసే చోట పని నాది. షావుకారు హేమచంద్రగారి బట్టల కొట్టు మీద గది. పెళ్లి పాటలు, భజనలు, మైకులో తిప్పే ప్రచారాలు, తెలుగువీ ఒడియావీ వస్తాయి. గొంతు ఒకచోట, డప్పు ఒకచోట పట్టి, ఏది ఎంత వినిపించాలో చూసి కలుపుతాను. ఏడో తరగతితో బడి మానేశాను. ఈ పనికి చదువు కన్నా చెవి ముఖ్యం. జగ్గన్నది పాము చెవి అనేవారు. ఊరి శివారు హల్దియాపదర్‌లో మేముండే అద్దె ఇంట్లో కూడా ఒక పాత కంప్యూటరూ, ఆ రెండు స్పీకర్లూ పెట్టుకున్నాను.

స్పీకర్లు మూగవైపోయాయని చెబితే షావుకారు నవ్వాడు.

"స్పీకర్లు లేకుండా పాట కలపడమేటి జగ్గన్నా? ముక్కు మూసుకుని కూరొండినట్టుంటాది." బీరువాలోంచి హెడ్‌ఫోన్లు తీసిచ్చాడు. "ఇదిగో, దీనికో సాఫ్ట్‌వేర్ ఉంది. ఇవి చెవులకి పెట్టుకున్నా సరే, ఎదర పెద్ద పెద్ద స్పీకర్లున్నట్టే వినిపిస్తాది. ఏ గది కావాలంటే ఆ గది. విదేశీ స్టూడియో, చిన్న గది, కారు. అన్నీ దొంగవే."

"దొంగ గదులా బాబూ?"

"దొంగవే. అయితేనేం, తుడుచుకోనక్కర్లేదు, సున్నమెయ్యక్కర్లేదు. తీసుకెళ్లు."

అతను నవ్వించాలని చూస్తున్నాడని తెలుసు. నవ్వాను.

మర్నాడు మధ్యాహ్నం అత్త కునుకు తీస్తుంటే వాటిని పెట్టుకుని, దాచుకున్న తులసి రికార్డు వేశాను. హెడ్‌ఫోన్లలో మామూలుగా పాట తల మధ్యలో ఉంటుంది, మన ఆలోచనలాగే. ఆ సాఫ్ట్‌వేర్‌లో 'చిన్న గది' అన్న చోట నొక్కేసరికి, తులసి నా తల్లోంచి బయటికి వచ్చేసింది. ఎదురుగా, రెండు గజాల దూరంలో, గోడకీ బియ్యం డబ్బాకీ మధ్యన నిలబడి పాడుతోంది. ఉలిక్కిపడి హెడ్‌ఫోన్లు లాగేశాను. స్పీకర్లే మోగుతున్నాయనుకున్నాను. చీర కప్పినది కప్పినట్టే ఉంది. ఫ్యాను తిరుగుతోంది. అత్త అటు తిరిగి పడుకునే ఉంది.

మళ్లీ పెట్టుకున్నాను. ఆ గది ఈ ఇంట్లోది కాదు కదా, పట్టింపు చెడదు అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

నా దగ్గర తులసి పాట ఒకటే ఉంది. వల లాగే పాట. మా ఊళ్లో మగవాళ్లు చెన్నైకీ కేరళకీ పనులకి పోతే, ఒడ్డు నుంచి లాగే అలివి వలకి చేతులు చాలక ఆడవాళ్లూ తాడు పట్టేవారు. తులసి పాట ఎత్తుకునేది.

"సంద్రవమ్మా, నీ గుప్పెట్లో ఏటున్నాది?
ఎండి రేకంటి సందువున్నాది."

సందువంటే చందువ చేప. పాడుతున్నంతసేపూ ఎవరూ లాగరు. మాట ఆపి ఆమె ఊపిరి పీల్చినప్పుడు, ఆ చప్పుడుకి, అందరూ ఒక్కసారిగా వెనక్కి వాలి లాగుతారు. మా వాళ్లకి డప్పు లేదు, తాళం లేదు. పాడేదాని ఊపిరే తాళం.

ఇది చిన్నప్పటి నుంచీ తెలిసినవాణ్ని. అయినా రికార్డింగు గదిలో కూర్చున్నప్పుడు మర్చిపోయాను. అక్కడ పదిహేనేళ్లుగా నేను నేర్చుకున్నది ఒకటి: ఊపిరి చప్పుడు తప్పు. మైకులో పడకూడదు. పడితే కత్తిరించెయ్యాలి.

రెండేళ్ల కిందట షావుకారు ఊళ్లో లేని రోజు తులసిని తీసుకెళ్లి ఆ పాట పాడించాను. మైకు ముందు నిలబడి సిగ్గుపడింది. రెండు చరణాలు పాడేసరికి ఊపిరి గట్టిగా పడటం మొదలైంది. ముందు చిన్నగా ఈలలాగా, తర్వాత తడి గుడ్డ పిండినట్టు. నాకు బాగా వినిపించింది. ఆ గదిలో గోడ మీద బల్లి కదిలినా వినిపిస్తుంది నాకు.

"ఎనక్కి జరుగు తులసీ. ఊపిరి మైకులో పడిపోతంది," అన్నాను.

జరిగింది. మళ్లీ పడింది. "ఆ ఊపిరి కొంచెం మింగవే," అని విసుక్కున్నాను.

తులసి నవ్వింది. "ఊపిరి మింగి పాడమంటే ఎలాగ బావా? ఇది వల పాట, నీ భజన కాదు," అని మళ్లీ మొదటి నుంచీ ఎత్తుకుంది.

నాలుగు నెలల తర్వాత మెట్లెక్కుతూ కూలబడింది. పెద్దాసుపత్రికి తీసుకెళ్తే డాక్టరు చెవులకి గొట్టం తగిలించుకుని, ఆమె వీపు మీద ఆనించి, నాలుగు ఊపిరులు విన్నాడు. నాలుగే. "చిన్నప్పుడు కీళ్ల జ్వరం వచ్చిందా? గుండె కవాటం పాడైంది. ఈ ఆయాసం ఎన్నాళ్ల నుంచి?" అని నన్నడిగాడు. ఈమధ్యనే అన్నాను. ఆయన చెవులకి పెట్టుకున్నది, నేను చెవులకి పెట్టుకునేది, రెండూ వినడానికే. ఆయన రోగం విన్నాడు. నేను రికార్డింగు తప్పు విన్నాను.

ఆపరేషనుకి తారీఖు ఇచ్చారు. దానికి తొమ్మిది రోజుల ముందు పోయింది.

రికార్డింగు నాడే ఆ ఊపిరి విన్నానన్న మాట ఎవరికీ చెప్పలేదు. ఏడాది పొడుగునా మధ్యాహ్నాలు ఆ దొంగ గదిలో కూర్చుని పాట కలిపాను. మొదటి పని ఊపిరులు తీసెయ్యడం. అలవాటు కొంత. వినలేకపోవడం ఎక్కువ. ఎదురుగా రెండు గజాల్లో మనిషి నిలబడి అలా పీలుస్తుంటే ఎవరు వినగలరు? ఒక్కొక్కటే కత్తిరించి, పారెయ్యడానికి చెయ్యిరాక, పక్కన వేరే వరసలో, అంటే ఇంకో ట్రాకులో పెట్టి, అది వినపడకుండా గొంతు నొక్కేశాను. ముప్పై ఒకటి వచ్చాయి. మిగిలిన గొంతు తేనెలా ఉంది. పెద్ద గదిలో పెట్టి విన్నాను, కారులో పెట్టి విన్నాను. ఎక్కడా వంక లేదు. రోగం రాని తులసి పాడుతున్నట్టుంది.

ఏడాది దినం నాడు ఊరి నుంచి ఏడెనిమిది మంది ఆడవాళ్లు వచ్చారు. తాడు పట్టినవాళ్లే అందరూ. భోజనాలయ్యాయి. అత్త లేచి స్పీకర్ల మీద చీర తీసి, మడిచి, ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"ఎయ్యరా," అంది.

వేశాను. సంద్రవమ్మా అనగానే తులసికి వరసకి పిన్ని అయిన మంగమ్మ ముక్కు చీదింది. ఎవరూ చెప్పకుండానే అందరి చేతులూ ఒళ్లో గుప్పిళ్లయ్యాయి. మొదటి చరణం అయింది. గుప్పిళ్లు వెనక్కి రాబోయి ఆగిపోయాయి. రెండోది మొదలైపోయింది. చేతులు గాల్లో తడబడ్డాయి. ఒకరినొకరు చూసుకున్నారు.

"ఏటల్లుడా," అంది మంగమ్మ పిన్ని కళ్లు తుడుచుకుంటూనే, "దీనెంట లాగితే వల కాదు, నడ్డి వస్తాది. ఎక్కడ లాగాలే అమ్మా ఇందులో?"

ఒకరిద్దరు నవ్వారు. అత్త నవ్వలేదు. పాట చివరిదాకా విని చీర మడత విప్పింది.

"బాగున్నాది," అంది. "ఎవలో బాగా పాడినారు. మా తులసి కాదు."

అందరూ సాయంత్రం బస్సుకి వెళ్లిపోయారు. స్పీకర్ల మీద చీర మళ్లీ కప్పేసి ఉంది. అత్త గోడకి చేరబడి, చాప మీద కాళ్లు చాపుకుని, వీధిలోకి చూస్తోంది. ఇంకా వెలుతురుంది. నేను కంప్యూటరు ముందు కూర్చుని, నొక్కేసిన వరసని తెరిచి పాటతో కలిపాను. వినే ధైర్యం లేదు. హెడ్‌ఫోన్లు తీసుకెళ్లి అత్త చెవులకి పెట్టాను. దొంగ గది అలాగే ఉంచాను. మీట నొక్కి ఆమె ముఖం చూస్తూ నిలబడ్డాను.

నాకేమీ వినపడదు. ఆమె ముఖమే చూడాలి.

మొదట ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. ఎదర గోడకేసి చూసింది. తర్వాత మెల్లగా తల తిప్పి నాకేసి చూసింది. ఎందుకు చూసిందో అర్థం కాలేదు. పాట మొదలైతే నన్నెందుకు చూస్తుంది?

అప్పుడు గుర్తొచ్చింది. ఊపిరులతో పాటు కత్తిరించి ఆ వరసలో పడేసినవి ఇంకొన్ని ఉన్నాయి. పాటకి ముందర మేం మాట్లాడుకున్న మాటలు. ఎనక్కి జరుగు తులసీ. ఊపిరి మైకులో పడిపోతంది. మింగవే.

ఆపడానికి చెయ్యి చాపాను. అత్త నా మణికట్టు పట్టుకుంది. గట్టిగా పట్టుకుంది, తాడు పట్టినట్టు. ఆ పట్టులో పాట నాకు తెలుస్తోంది. కాసేపు ఊరికే ఉంటుంది. ఉన్నట్టుండి బిగిసి నా చేతిని తన వైపు లాగుతుంది. మళ్లీ వదులవుతుంది. మళ్లీ లాగుతుంది. నేను లెక్కపెట్టలేదు గానీ ముప్పై ఒకటీ అయ్యాయని తెలుసు.

హెడ్‌ఫోన్లు తనే తీసింది.

"నువ్వు ఇన్నావన్నమాట."

"ఇన్నాను అత్తా."

"అప్పుడే ఇన్నావు."

"అప్పుడే."

నన్ను కొట్టినా బాగుండేది. వీధిలోకి తిరిగింది. ఎదురింటి వాళ్లు అరుగు కడుగుతున్నారు.

"నువ్వు పనికెళ్లిన రేత్రులు దాని పక్కలో పడుకున్నదాన్ని నాను," అంది. "అంతకు ముందు ఏడాది నుంచీ ఇంటన్నాను. పడుకుంటే ఆయాసం, లేస్తే ఆయాసం. వల లాగిన ఒళ్లు కదా, అలాగే ఉంటాదిలే అనుకున్నాను. నీకు సెప్పనేదు."

నేను ఆమె పక్కన చాప మీద కూలబడ్డాను. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. ఊరందరూ మెచ్చిన చెవి నాది. కన్న చెవి ఆమెది. మధ్యన ఒక మనిషి ఊపిరాడక పోయింది.

"మళ్లీ ఎట్టు," అంది.

"మాటలు తీసేసి పెడతానత్తా."

"ఏటీ తియ్యకు. తీసింది సాలు."

మళ్లీ పెట్టాను. అత్త కళ్లు మూసుకోలేదు. గోడకీ బియ్యం డబ్బాకీ మధ్య ఖాళీ చోటులోకి, తిన్నగా, మనిషి ముఖంలోకి చూసినట్టు చూసింది. ఒకసారి పెదవులు కదిపింది. తర్వాత చాప మీద చాపుకున్న కాళ్లు రెండూ దగ్గరికి ముడుచుకుంది, ఎవరో కూర్చోడానికి చోటిచ్చినట్టు.