కొలబద్ద మెదడు

"ఊళ్ళో ఉన్న తలకాయలన్నిటికీ మన తలకాయే తూకంరాయి" అనేవాడు ఆ స్కానింగ్ సెంటర్లో టెక్నీషియన్. ఆయన కోతలన్నిటిలో నిజమైంది అదొక్కటే. మిషన్ కొన్న కొత్తలో ఆరోగ్యమైన మెదడు బొమ్మ కావాల్సొచ్చి ఆయన్నే పడుకోబెట్టారు. నడిమధ్య కామా గుర్తుల్లాంటి మచ్చలు రెండు నిగనిగా మెరుస్తూ వచ్చాయి. బొమ్మని గోడకి తగిలించి, ఆయనకి కొలబద్ద అని పేరు పెట్టారు. ఏటా ఆయన్ని మళ్ళీ స్కాన్ చేసేవారు. బొమ్మ మారకపోతే మిషన్ బాగున్నట్టు లెక్క.

కామాల తోకలు అరిగి చుక్కలు మిగిలాయంటే పార్కిన్సన్స్ గుమ్మంలోకి వచ్చినట్టే. చేతులు వణక్కముందే, మొహం బిగుసుకోకముందే దాన్ని పట్టుకోవాలని, నిద్రలో కలలకి తగ్గట్టు కాళ్ళూ చేతులూ విసిరేవాళ్ళని డాక్టరమ్మ స్కాన్ చేయించేది. ఆ విసురే ఆ జబ్బుకి తొలి కబురు కావచ్చట.

ఆ ఉదయం ఒక బస్సు డ్రైవరు భార్యతో వచ్చాడు.

"నిద్రలో కూడా డ్యూటీయేనండీ. నిన్న నా మెడ పట్టుకుని గేరు మార్చాడు" అందామె.

"రివర్సు పడిందామ్మా?" మొహంలో ఒక్క గీతైనా కదలకుండా అడిగాడు కొలబద్ద. అలా అడగడంలో ఆయన్ని మించినవాడు లేడని సెంటరంతా చెప్పుకునేది.

"నవ్వులాట కాదన్నయ్యగారూ! ఏదో ఒక రోజు నన్ను చంపేస్తాడు."

కొలబద్ద చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాడు. మోచేతికి దెబ్బ. కలలో ఎలుగుబంటితో కుస్తీ పట్టాడు. ఎలుగుబంటి ఓడింది గానీ బీరువా గెలిచింది. "మీ అడివి ఖాళీ అయ్యాక చెప్పండి, వస్తా" అని భార్య దిండు చంకన పెట్టుకుని హాల్లోకి మకాం మార్చింది. ఈ సంగతి సెంటర్లో చెబితే అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. ఎలుగుబంటి చేతిలో గొడుగు కూడా ఉందని కలిపింది ఆయనే మరి.

మధ్యాహ్నం డ్రైవరు బొమ్మ వచ్చింది. తోకలు లేవు. ఆ వెనకే కొలబద్ద ఏటా చేసే తన పరీక్షకి పడుకున్నాడు. లేచి చూస్తే ఒక కామాకి తోక లేదు.

"మిషన్ చెడింది" అంది డాక్టరమ్మ. "మీ బొమ్మే ఇలా వస్తే ఇంకెవరిది నమ్ముతాం? డ్రైవరుది కూడా పక్కన పడేయండి. ఏమీ తేలలేదని చెప్పి పంపించేద్దాం."

అద్దం అవతల డ్రైవరు చెప్పులు వేసుకుంటున్నాడు. కొలబద్ద నోరు మెదపకపోతే చాలు, కొలబద్ద కొలబద్దగానే ఉంటాడు. డ్రైవరు బస్సెక్కేస్తాడు.

"ముందు వాళ్ళని ఆపమనండి. మిషన్ బాగానే ఉందమ్మా. ఎలుగుబంటి నిజం."

"మళ్ళీ మొదలెట్టారా!" పకపకా నవ్విందామె.

"గొడుగు మాత్రం అబద్ధం."

ఆమె నవ్వు ఆగిపోయింది. దగ్గరికొచ్చి ఆయన మొహంలోకి చూసింది.

"ఏదీ, ఒకసారి నవ్వండి."

ఆయన నవ్వాడు.

ఆమె ఇంకా చూస్తూనే ఉంది. "నవ్వమన్నానండీ."

"నవ్వుతూనే ఉన్నానమ్మా."