చెంగమ్మ యనపచేను

శ్రావణమాసారంభమున దినత్రయ మెడతెగక కురిసిన వర్షధారలచే గ్రీష్మతాపము చల్లారిన మదనపల్లె ప్రాంతపు టెఱ్ఱనేలలు మృద్గంధబంధురములై నాగలికి లోబడుచుండ, చెంగమ్మ యనునామె తన తల్లి మరణమునకు ముందు బూడిద కలిపి కుండలో దాచి యిచ్చిన చిక్కుడుజాతి యనపగింజల నొక్కటియు మిగుల్చుకొనక చేనెల్ల విత్తెను. అంత కమ్మనివాసనగల విత్తనము ఆ చుట్టుపట్ల మఱి యెవ్వరి యింటను లేదు.

గతవర్షమున కలుపు తీసి తీసి నడుము పట్టి రెండు మాసములు మంచమున బడిన చెంగమ్మ వేదనను కన్నులార గాంచిన భర్త రెడ్డెప్ప, విత్తిన మఱునాడే, మొక్కజొన్నకు వాడగా మిగిలిన కలుపుమందును నీట గలిపి తడినేలపై గొట్టెను. మొక్కజొన్నను ముట్టని మందు అనపను మాత్ర మేల ముట్టునని యాతడు తలంచెను.

"ఈ తూరి నువ్వు నడుం వంచే పనే లేదు మే" అని నవ్వుచు జెప్పగా నామె కన్నులు చెమర్చెను.

కలుపుమొలకలు తలయెత్తకయే నశించెను. అనపమొలకలు మాత్రము కోమలపత్రయుగళములతో సాళ్లనిండ లేచి యామె మనమున కుల్లాసము గూర్చెను. పండ్రెండవనా డాకుల యంచులు పసుపువాఱెను. పక్షము దిరుగకమునుపే చేనెల్ల మాడిపోయెను.

వ్యవసాయాధికారి వచ్చి యొక మొక్కను పెఱికి చూచి నిట్టూర్చెను. "ఈ మందు మట్టిలోనే ఉండి వేళ్లగుండా పైకి ఎక్కుతుందమ్మా. మొక్కజొన్న దాని విషాన్ని లోపలే విరిచేస్తుంది. అనపకు ఆ శక్తి లేదు. ఇంక చేసేదేమీ లేదు."

ఆయన వెడలిన పిదప రెడ్డెప్ప గట్టుపై గూలబడెను. "నీకు నొప్పి లేకుండా చేద్దామనుకుంటి మే. మీ అమ్మ గింజల్ని నా చేత్తోనే చంపేస్తి."

నోటిదాక వచ్చిన పరుషవాక్యమును చెంగమ్మ యాతని జూచి దిగమ్రింగెను.

"నాకోసరమే కదయ్యా కొట్టినావు" అని మాత్ర మనెను. అది నిజము. నిజమగుటచేతనే యామెకు కోపపడుటకైనను తెరువు లేకపోయెను.

మఱునాటి యుదయమున నామె యొంటరిగా చేనికి బోయెను. ఆ మందునకు లొంగని తుంగ యొక్కటియే యెండిన సాళ్లనడుమ పచ్చపచ్చగా నిక్కి నిలిచియుండెను. చెంగమ్మ నడుము వంచి కూర్చుండి తుంగను పెఱుకుచు, ప్రతి మోడు మొదటను చేతివ్రేళ్లతో మట్టి ద్రవ్వి, ప్రాణమున్న యొక వేరైనను దొరకునేమోయని వెదకసాగెను. కొంతతడవునకు రెడ్డెప్ప వచ్చి, అదే సాలు రెండవకొనను గూర్చుండి వెదకనారంభించెను. మధ్యాహ్నమున కిరువురును సాలునడుమ నెదురుపడిరి. ఇరువురి చేతులును మట్టిగొట్టుకొని, పచ్చివే రొక్కటియు దొరకక, రిక్తములై యుండెను.