కట్ట మీద దారి

మా మనవరాలు టియానాకి నడక వచ్చి చాలా రోజులైంది. అయినా దాని పాదం ఇంకా బయటి నేలకి తగల్లేదు. మా వేటగాళ్ల తెగలో అంతే. బిడ్డ మొదటిసారి గుడారం గుమ్మం దాటి నేల మీద అడుగు వేయడమంటే పండుగ. అది జరిగేవరకు బయట ఎత్తుకునే తిప్పాలి. వేసవిలో జరగాల్సింది, మా ఆయన జోసయా గుండె ఆపరేషన్‌కని దక్షిణాన పట్నంలో ఉండిపోవడంతో ఆగిపోయింది. ఇప్పుడు ఆకులు రాలిపోయాయి. ఆయన బతికి వచ్చాడు. పిల్ల మాత్రం బరువెక్కింది.

"నా నడుం పడిపోతోందమ్మా," అంది కూతురు షార్లీన్, దాన్ని ఈ చంకనుంచి ఆ చంకకి మార్చుకుంటూ. "కొట్లో కోడిమాంసం కొనుక్కొస్తాను. కానిచ్చేద్దాం."

"మన నేల మీద పెరిగింది పెట్టకుండా మన నేల మీద అడుగు వేయిస్తావా?" అన్నాడు జోసయా.

విందులో, వాగులకి కొమ్మలతో కట్టలు కట్టే బీవర్ మాంసం ఉండాలన్నది నా పట్టుదల కూడా. శిబిరానికి ఎగువనున్న మడుగుని ఆయన కొన్నేళ్లుగా ఎవరినీ ముట్టనివ్వలేదు, వాటి సంతతి పెరగాలని. అక్కడ వేట సంగతులకి పెద్ద ఆయనే. ఇప్పుడు ఒక్కటి తీసుకోవచ్చన్నాడు. కానీ బరువు ఎత్తకూడదని డాక్టరమ్మ చెప్పి పంపింది. అందుకని బోనులు నా వంతుకి, నోరు ఆయన వంతుకి వచ్చాయి.

ఆయనకి దుప్పటి చుట్టి పడవలో కూర్చోబెట్టి తీసుకెళ్లాను. మడుగు నిండుగా ఉంది. గూడు పక్కన నీళ్లలో చలికాలానికి దాచుకున్న కొమ్మల పోగు, కట్ట పొడవునా కొత్త బురద పూత.

"గూడు దగ్గరే పెట్టమ్మా, తొందరగా పడుతుంది," అని షార్లీన్ చెప్పే పంపింది. గూడు వాకిట్లో తిరిగేది ఎక్కువగా పిల్లలే. పిల్ల పండుగకి పిల్లని చంపడానికి నాకు చేతులు రాలేదు.

"కట్ట మధ్యలో చిన్న గండి కొట్టు," అన్నాడు జోసయా. "నీళ్లు పోయే చప్పుడు వింటే పెద్దది పూడ్చడానికి వస్తుంది. బోను అక్కడే పెట్టు. మా నాన్న అలాగే చేసేవాడు."

అలాగే చేశాను. ఇంటికొచ్చి పెద్ద గిన్నె తోమి సిద్ధంగా పెట్టుకున్నాను.

మర్నాడు చూస్తే గండి లేదు. రాత్రికి రాత్రే పూడ్చేశాయి. బోను నోట్లో ఒక కర్ర అడ్డంగా దిగింది. దాని మీద బురద మెత్తి, బోనుని కూడా కట్టలో కలిపేసుకున్నాయి. మోచేతుల దాకా ముంచి లాగుతుంటే జోసయా పడవలో కూర్చుని పకపకా నవ్వాడు.

"నవ్వకు, కుట్లు లాగుతాయి."

"ఎంత బాగా కట్టాయే! ఇంక ఆ బోను వాటి ఆస్తి."

"ఇక్కడ గండి కొట్టమన్నదెవరో?"

"ముందే గిన్నె తోమి పెట్టుకున్నదెవరో? వాటికి వినపడింది."

చిన్నప్పటినుంచీ వింటున్న మాటే. జంతువు తనంత తాను ఇస్తేనే మనకి దక్కుతుంది. ఇస్తుందని ముందే పొయ్యి సర్దుకోకూడదు.

వేరే చోటు చూద్దామని కట్ట మీద నడిచాను. అవతలి చివర పొదల దగ్గర కట్ట అంచు నున్నగా అరిగి, తడిగా ఉంది. మడుగులోంచి దిగువ వాగులోకి ఏదో రోజూ దాటుతోంది.

"అది నీటికుక్క జారుడు!" అని పడవలోంచి అరిచాడు జోసయా. "అక్కడ పెడితే నీటికుక్కే పడుతుంది. దాన్ని విందులో ఎవరు తింటారు, మీ అక్కా?"

"నీ చేతి వంటే తింది, మా అక్కకి అదో లెక్కా?"

వంగి చూశాను. నీటికుక్క తిరిగే చోటైతే పెంటలో చేప పొలుసులుండాలి. ఎక్కడా లేవు. బురదలో కొమ్మ ఈడ్చిన గీత ఉంది. దాని చివర పచ్చి బెరడుతో ఒక రెమ్మ పడి ఉంది. వాగు ఒడ్డున చెట్టు కొరికి, ఈ దారిన మేత మోసుకొస్తోందన్నమాట. గూడు వదిలి అంత దూరం వెళ్లేది పెద్దదే.

"కొమ్మలు ఈడ్చే నీటికుక్కని చూశావా ఎప్పుడైనా?" అని రెమ్మ ఎత్తి చూపించాను.

"ఇలా తీసుకురా."

తెచ్చాను. పంటి గాట్ల మీద బొటనవేలు ఆనించి కాసేపు చూశాడు. "పెద్ద పళ్లే. నువ్వన్నదే నిజం. ఆ గీత నీళ్లలోకి దిగే చోట పెట్టు, లోతుగా."

ఆ సాయంత్రం గిన్నె తీసి మూలన దాచేశాను. షార్లీన్ ఏదో అడగబోతే వాళ్ల నాన్న కళ్లతోనే వద్దన్నాడు. అది మూతి బిగించి నవ్వుకుంటూ పిల్లని నా ఒళ్లో పడేసి పోయింది.

పొద్దున బోను గొలుసు బిగుసుకుని ఉంది. ఎంత లాగినా నా వల్ల కాలేదు. దిగొద్దన్నా వినకుండా జోసయా ఒడ్డుకి వచ్చాడు. గొలుసు ముట్టుకోలేదు. నేను జారిపోకుండా వెనకనుంచి నా నడుం పట్టుకుని నిలబడ్డాడు. కొవ్వు పట్టిన పెద్ద మగ బీవర్ పైకి వచ్చింది. దాని తడి బొచ్చు మీద చెయ్యేసి, ఇచ్చినందుకు నెమ్మదిగా కృతజ్ఞత చెప్పుకున్నాడు. నేను చెప్పుకోవలసింది ఇంకా ఎక్కువే ఉంది. ఆ జంతువుకి, ఆ మడుగుకి, పేరు కూడా నాకు నోరు తిరగని ఆ డాక్టరమ్మకి, ఇందాక నా నడుం పట్టుకున్న చేతులకి. అవన్నీ నోటికి రాక, "చేతులు మంచుగడ్డల్లా ఉన్నాయి, పడవెక్కు," అన్నాను.

"చుట్టాలు చాలామంది వస్తున్నారు, ఇంకొకటి?" అని అడిగాను.

"ఇచ్చిందాంతో సరిపెట్టు."

బోనులన్నీ తీసేశాం.

పండుగనాడు ఎండ పొడ రాగానే గుడారం గుమ్మంలో టియానా నిలబడింది. కాళ్లకి కొత్త తోలు చెప్పులు, వీపున చిన్న మూట, మూటలో వండిన మాంసం. ముందు పరిచిన స్ప్రూస్ చెట్టు రెమ్మల్ని అనుమానంగా చూసింది. అడుగు వేసింది. ఇంకోటి వేసింది. గుమ్మం ఎదుటి చెట్టు చుట్టూ తిరిగి వచ్చి, ఎవరూ చెప్పకుండానే మూటని తాతకి అందించింది. జోసయా మొదటి ముక్క నిప్పులో వేశాడు. రెండోది నోట్లో వేసుకున్నాడు.

"నాన్నా, కొవ్వు తినొద్దంది డాక్టరమ్మ!"

"ఆవిడకి నా మనవరాలు వడ్డించలేదుగా," అన్నాడు నములుతూ. కళ్లు తుడుచుకోవడానికి పొగ వంక దొరికింది.

మధ్యాహ్నం ఎముకలన్నీ కుక్కలకి అందకుండా మూటగట్టి, ఇచ్చిన నీళ్లకే తిరిగి అప్పగించాలని మడుగుకి తీసుకెళ్లి వదిలాం. మూట మెల్లగా మునిగింది.

"వచ్చే ఏడు ఈ మడుగు జోలికి రావద్దు," అన్నాను.

"సరే," అన్నాడు జోసయా, ఇక వాదన పెట్టుకోకుండా.