తూకానికి కూర్చున్న జపాన్ మేపుల్

నూకరత్నానికి తొలి కాన్పులో జపాన్ మేపుల్ మొక్క పుడుతుంది. జానెడు ఎత్తు, ఏడేసి వేళ్ళ ఎర్రటి ఆకులు. అత్త సత్తెమ్మ చాటలోకి తీసుకుని ఎగాదిగా చూస్తుంది.

"మా వంశంలో ఇంత ఎరుపు ఎవరూ లేరే."

"మా పుట్టింటి వైపు ఉన్నారండీ అత్తయ్యా," అంటూ నూకరత్నం మొక్కని ఒళ్ళోకి లాక్కుంటుంది.

అంగన్‌వాడీ టీచర్ సుభద్ర వచ్చి మొక్కని తక్కెట్లో పెడుతుంది. కోడిగుడ్డంత కూడా తూగదు.

"దీని జాతే పొట్టిది, మోకాలు దాటదు. అది తప్పు కాదు. కానీ బరువు పెరగకపోయినా, మన కడియం ఊరి ఎండకి ఆకు అంచు మాడినా, చలిదేశానికి పంపించెయ్యాలమ్మా. నెలాఖరుకి మళ్ళీ తూస్తాను."

నూకరత్నానిది ఏడో తరగతితో ఆగిన చదువు, పుస్తకం చూసి పెంచడం రాదు. మట్టిలో వేలు గుచ్చి చూస్తుంది. తడి తగిలితే నీళ్ళు పొయ్యదు, పొడి తగిలితే పోస్తుంది. మొదలు చుట్టూ కొబ్బరి పీచు కప్పుతుంది. పొద్దుటి ఎండ కాసేపు చూపించి నీడకి జరుపుతుంది. గండమల్లా మధ్యాహ్నమే.

పన్నెండింటికి సూర్యుడు గోడ దిగి పెరట్లోకి వస్తాడు.

"ఒక్క ఆకు. అది కూడా అంచు వరకే," అంటాడు.

"నిద్ర చాలక పేచీ పెడుతున్నావు," అంటుంది నూకరత్నం.

వసారా దూలానికి పాత చీర కట్టి, అతన్ని అందులో పడుకోబెట్టి ఊపుతుంది. చీర పొగలు కక్కుతుంది. అరచేతులు బొబ్బలెక్కుతాయి. ఊపడం మాత్రం ఆపదు. చివరికి సూర్యుడు నోట్లో వేలేసుకుని నిద్రపోతాడు. కడియమంతా ధనుర్మాసం తెల్లారుజాములా చల్లబడుతుంది. నెల పొడుగునా రోజూ ఇదే వరస.

నెలాఖరుకి టీచర్ తక్కెడ తెస్తుంది. మేపుల్ కూర్చున్న పళ్ళెం ధబ్బున నేలకి ఆనుతుంది. అవతలి పళ్ళెంలో తూకపు రాళ్ళు చాలవు. రుబ్బురోలు పెడతారు, చాలదు. సత్తెమ్మ మంచంతో సహా ఎక్కుతుంది. టీచర్ ఎక్కుతుంది. ఇళ్ళు, నర్సరీలు ఒకదాని వెనక ఒకటి ఎక్కుతాయి. వీధి వీధంతా దూదిపింజలా పైకి లేస్తుంది.

"ఎంత ఎదిగిందే?" పైనుంచి అరుస్తుంది సత్తెమ్మ.

"మోకాలెత్తేనండీ అత్తయ్యా!"

"ఇక దీన్నెవరూ పంపలేరు!" టీచర్ గొంతు సన్నగా వినిపిస్తుంది. "మేమే పోతున్నాం!"

"మమ్మల్ని దింపవే కోడలా!"

"కాసేపుండండి. బిడ్డ ఇప్పుడే స్థిమితంగా కూర్చుంది."

నూకరత్నం నడుం మీద చేతులేసుకుని తలెత్తుతుంది. తేలుతున్న వీధి అడుగున, ఈ చివర్నుంచి ఆ చివరిదాకా, మేపుల్‌వే సన్నటి ఎర్ర వేర్లు వేలాడుతున్నాయి. ప్రతి వేరు కొసనా ఒక చిన్న నోరు తెరుచుకుని, వీధి బరువంతా పీల్చి కడుపు నిండినట్టు తేన్చుతోంది.