పక్కచూపు

మా నాయన మునీంద్ర ముప్పై ఏళ్లు బెంగళూరు పక్కన హొసకోటె ఫ్యాక్టరీలకు స్టాఫ్ బస్సు నడిపాడు. పోయిన ఏడాది కంటి డాక్టరు "కళ్లలో ప్రెజరు ఉంది, పక్కచూపు తగ్గుతోంది" అన్న మరునాడే బస్సు తాళాలు ఓనరు చేతిలో పెట్టి వచ్చేశాడు. మానమని ఎవరూ చెప్పకముందే మానేశాడు. ఆ సంగతి ఇంట్లో మాట్లాడలేదు. మేమూ తవ్వి అడగలేదు.

ఒక ఆదివారం పొద్దున ఫోను నా ముందు పెట్టి, "చైత్రా, ఈ లారీ యే దేశందిమ్మా?" అన్నాడు.

చూస్తే, ఎవరో లారీ గేమ్ ఆడుతూ తీసిన వీడియో.

"అది నిజం లారీ కాదు నాయనా. కంప్యూటర్ ఆట."

నాయన ఫోను వెనక్కి తీసుకుని మళ్లీ చూశాడు. "పది దినాల్నుంచి చూస్తా ఉండా. సిగ్నల్ వెయ్యకుండా యాడా తిప్పలేదు, మంచి డ్రైవరు అనుకుంటి." "ఆటంటే, మనం గూడా ఆడచ్చా?"

ఆ అడిగిన తీరుకు నాకు హుషారొచ్చింది. బ్రూక్‌ఫీల్డ్‌లో నేను పనిచేసే ఆఫీసులో వారమంతా కనిపించిన వాళ్లనల్లా అడిగాను. సగం మంది కన్సోల్ కొనమన్నారు. టీవీకి తగిలిస్తే చాలు, ఏ తలనొప్పీ ఉండదు. సగం మంది గేమింగ్ ల్యాప్‌టాప్ అన్నారు. వేడెక్కుతుంది, ఫ్యాను రొద చేస్తుంది, కానీ ఎవరెవరో తయారుచేసిన కొత్త రోడ్లూ కొత్త బండ్లూ దింపుకోవచ్చు. నేను కన్సోలే అనుకున్నాను. చూపు తగ్గిన మనిషికి తెర ఎంత పెద్దదైతే అంత మేలు కదా.

మా అమ్మ సొన్నమ్మ ఒకటే అడిగింది. "హారన్ ఉంటాదా దాంట్లో? ఉంటే శబ్దం తగ్గించేది గూడా ఉండాల."

శనివారం నాయనా నేనూ మారతహళ్లిలో ఒక షాపుకు వెళ్లాం. అక్కడ పెద్ద టీవీ ముందు సీటూ స్టీరింగూ పెడళ్లూ నేలకు బిగించి ఉన్నాయి. మా తెలుగు మాటలు విని సమీనా అనే అమ్మాయి నవ్వుతూ వచ్చింది. వాళ్లది గుంటూరట. "కూర్చోండి అంకుల్, ట్రై చేయండి" అంది.

నాయన ముందు సీటు సరిచేసుకున్నాడు. క్లచ్ తొక్కి చూశాడు. లారీ మెల్లగా కదిలింది. మలుపుల్లేని నేరు రోడ్డులో ఎంత చక్కగా పోయాడో! మొదటి కూడలిలోనే ఎడమ నుంచి వచ్చిన కారును గుద్దాడు. మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ అదే కూడలి, ఈసారి వ్యాను.

"కొత్తలో అందరికీ ఇంతే అంకుల్" అంది సమీనా.

"నాకు ఇది కొత్త కాదమ్మా." నాయన స్టీరింగ్ మీంచి చేతులు తీశాడు. "చైత్రా, నువ్వు పోయి టీవీ ఎడమ మూలలో చెయ్యి పెట్టు. నిదానంగా మధ్యకు తీసుకురా. నేను నేరుగా చూస్తా ఉంటా."

పెట్టాను. జరుపుతూ వచ్చాను. తెరలో పావువంతు దాటేదాకా నాయన ఏమీ అనలేదు.

"ఆ. ఇప్పుడు కనపడింది."

చూపు ఇంత పోయిందని నాకు తెలీదు. ఎడమ పక్కనుంచి కాఫీ అందిస్తే రెండుసార్లు ఒలకబోశాడు, పరాకనుకున్నాను. ఆయన మాత్రం ఏదో కొత్త సంగతి దొరికినవాడిలా, "ఇప్పుడు కుడి పక్క చూద్దాం" అన్నాడు. కుడివైపు చాలా మేలు.

"సీటు వెనక్కి జరుపుకుంటే సరిపోతుంది కదా నాయనా?"

"మన హాల్లో యాడికి జరిగేది? వెనక గోడ ఉండాది." పక్క టేబుల్ మీది ల్యాప్‌టాప్ చూపించి సమీనాను అడిగాడు. "ఈ ఆట దాంట్లో వస్తాదామ్మా?"

సమీనా ఇంకో స్టీరింగ్ తెచ్చి తగిలించింది. నాయన కూర్చుని నాచేత మళ్లీ చెయ్యి పెట్టించాడు. ఈసారి మూలలోనే, "కనపడింది" అన్నాడు. రెండో మూల. "కనపడింది." తెరలో లారీకి అటూ ఇటూ ఉన్న రెండు అద్దాలూ ఆయన చూపులో పట్టాయి.

"మరీ చిన్న తెర కదా, అక్షరాలు చదవగలవా?"

"చిన్నవి కనపడక కాదమ్మా నేను బస్సు వదిలింది. ఒకరోజు ఎడమ పక్కనుంచి స్కూటరు మీద ఒక కాలేజీ బిడ్డ వచ్చె. నేను చూడనే లేదు. ఆ బిడ్డే బ్రేకు పట్టి నిలబడె. నేనై నేను డాక్టరు దగ్గరికి పోయింది దానికే."

ఏడాది తరవాత, ఒక షాపులో, ఆ మాట బయటికొచ్చింది. ఆయన భుజం మీద చెయ్యి వేశాను. ఆయన అప్పటికే గేరు వేశాడు. కూడలి వచ్చింది. ఎడమ నుంచి ఎర్ర కారు. నాయన లారీ ఆపాడు.

"పో నాయనా, నువ్వు పో" అన్నాడు ఆ కారుతో.

ల్యాప్‌టాప్ కొన్నాం. కంటి డాక్టరు దగ్గరికి ఇప్పుడు నేనూ వెంట వెళుతున్నాను.

నిన్న మీటింగులో ఉండగా నాయన ఫోను. "చైత్రా, రోడ్డు అయిపోయింది. ముందర సముద్రం. లారీని ఓడ ఎక్కించమంటా ఉండాది. సరుకు దించి ఎక్కియ్యాల్నా, అట్లనే పోవచ్చా?"

"అట్లనే పోవచ్చనుకుంటా నాయనా."

"అనుకుంటే చాలదు. కనుక్కొని చెప్పు. అందాకా ఒడ్డునే ఉంటా."

మీటింగ్ అయ్యాక అరగంట సేపు, లారీలు ఓడల్లో ఎట్లా దాటుతాయో చదువుతూ కూర్చున్నాను.